డాసన్ ఒక్క సింఫనీ రాసి ఆగిపోయారా?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు చెప్తాను. మీ క్వయర్‌లో (బృందగాన బృందంలో) అమెరికా నల్లజాతి స్వరకర్త విలియం డాసన్ అరేంజ్ చేసిన, అంటే పాత పాటను క్వయర్ గొంతులకు తీర్చి రాసిన ‘ఎజీకియెల్ సా ద వీల్’ నేర్చుకుంటున్నారు. ఆయన ఎవరో అని వెతికితే 1934లో ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రా వాయించిన సింఫనీ (ఆర్కెస్ట్రా కోసం కొన్ని భాగాలుగా రాసే పెద్ద రచన) ఒకటి కనిపించింది. ఆ తర్వాత చూస్తే దాదాపు అన్నీ క్వయర్ పాటలే. ‘అంత పెద్ద సింఫనీ రాసినాయన మిగతా జీవితమంతా కాలేజీ పిల్లలచేత స్పిరిచ్యువల్స్ (బానిసల కాలం నాటి నల్లజాతి భక్తి పాటలు) పాడిస్తూ గడిపేశారా? క్వయర్ కండక్టర్ కెరీర్ అంటే చివరికి ఇంతేనా?’ అని అడిగారు.

నేను చాలా ఏళ్లుగా క్వయర్లు నడుపుతున్నాను. డాసన్ పాటలు పాడించిన అనుభవం కూడా ఉంది. మీరు ‘మిగతా జీవితం’ అంటున్నదే ఆయన అసలు పని అని నా అభిప్రాయం. రెండో సింఫనీ రాకపోవడానికి కారణాలు వేరే ఉన్నాయి, వాటిలో చాలావరకు ఆయన చేతిలో లేనివి.

డాసన్ 1899 సెప్టెంబర్ 26న అలబామా రాష్ట్రంలోని ఆనిస్టన్‌లో పుట్టారు. బానిసత్వం రద్దయి అప్పటికి ముప్పై అయిదేళ్లు కూడా కాలేదు. అక్కడికి కొంత దూరంలో బుకర్ టి. వాషింగ్టన్ 1881లో మొదలుపెట్టిన టస్కీగీ ఇన్‌స్టిట్యూట్ ఉంది. నల్లజాతి పిల్లలకు చదువుతో పాటు చేతిపని నేర్పే బడి అది. పదమూడేళ్ల వయసులో డాసన్ ఇంట్లోంచి పారిపోయి అక్కడికి చేరారు. ఫీజుకు డబ్బు లేదు కాబట్టి బడి పొలంలో పని చేసి కట్టుకున్నారు. బ్యాండ్‌లో వాయించారు, ఆర్కెస్ట్రాలో వాయించారు, క్వయర్‌లో పాడారు. 1921లో పట్టా తీసుకునేలోపే, 1920లో ‘ఫరెవర్ దైన్’ అనే పాట రాసి సొంతంగా అచ్చు వేయించారు. ఈ చివరి విషయం గుర్తుపెట్టుకోండి. తన పాట తన చేతిలోనే ఉండాలన్న పట్టుదల ఆయనకు అప్పటినుంచే ఉంది.

తర్వాత కాన్సస్ వైపు వెళ్లి, పగలు స్కూళ్లలో సంగీతం చెప్తూ, కాన్సస్ సిటీలోని హార్నర్ ఇన్‌స్టిట్యూట్‌లో చదివారు. 1925లో డిగ్రీ వచ్చింది. పట్టాల కార్యక్రమంలో ఆయన రాసిన ట్రయోనే (ముగ్గురు వాయించే రచన) వాయించారు. రాసిన మనిషిని మాత్రం తెల్లజాతి విద్యార్థుల పక్కన వేదిక మీద కూర్చోనివ్వలేదు. బాల్కనీలో కూర్చుని తన సంగీతానికి పడుతున్న చప్పట్లు వినాల్సి వచ్చింది, లేచి నమస్కారం పెట్టే అవకాశం కూడా ఇవ్వలేదు. రెండో సింఫనీ ఎందుకు రాలేదని అడిగేవాళ్లు ముందు ఈ సంగతి తెలుసుకోవాలి. ప్రతిభ ఉంటే ద్వారాలు అవే తెరుచుకుంటాయనే మాట ఆ దేశంలో, ఆ కాలంలో, ఆ రంగు మనిషికి వర్తించలేదు.

అక్కడినుంచి షికాగో. అమెరికన్ కన్సర్వేటరీలో అడాల్ఫ్ వైడిగ్ దగ్గర కంపోజిషన్ నేర్చుకుని 1927లో మాస్టర్స్ పూర్తి చేశారు. అదే ఏడాది పియానిస్ట్ కార్నెల్లా లాంప్టన్‌ను పెళ్లి చేసుకున్నారు. మరుసటి ఏడాదే ఆమె చనిపోయింది. షికాగో సివిక్ ఆర్కెస్ట్రాలో ఆయన ట్రాంబోన్ (ఒక ఇత్తడి ఊదే వాద్యం) వాయించేవాళ్లలో ప్రధానుడు, అందులో ఉన్న ఒకే ఒక్క నల్లజాతి వాద్యకారుడు. సాయంత్రాలు జాజ్ బ్యాండ్‌లో కూడా వాయించేవారు. అంటే ఒకే మనిషి సింఫనీ ఆర్కెస్ట్రా మధ్యలో కూర్చున్నాడు, జాజ్ వేదిక ఎక్కాడు, క్వయర్ ముందు నిలబడ్డాడు. ఆయన క్వయర్ పాటల్లో ఇత్తడి వాద్యాల మోత, డ్రమ్ముల నడక ఎక్కడినుంచి వచ్చాయో ఇక్కడ తెలుస్తుంది. బాస్ గొంతులను (మగవాళ్లలో బాగా కింది స్థాయి గొంతులను) ట్రాంబోన్ల గుంపులాగా వాడటం ఆయనకు అలవాటు. అది ట్రాంబోన్ వాయించిన మనిషి చెవి.

1931లో టస్కీగీ ఆయన్ను వెనక్కి పిలిచింది. పాత విద్యార్థి ఇప్పుడు స్కూల్ ఆఫ్ మ్యూజిక్‌కు అధిపతి, క్వయర్ డైరెక్టర్. పియానోకు హేజెల్ హారిసన్, గాత్రానికి ఆబీ మిచెల్ లాంటి పేరున్న కళాకారులను అధ్యాపకులుగా తెచ్చుకున్నారు. ఆ స్కూలు పేరు విని ట్రంపెట్ నేర్చుకుందామని 1933లో గూడ్సు బండ్లెక్కి ఓక్లహోమా నుంచి వచ్చిన కుర్రాడి పేరు రాల్ఫ్ ఎలిసన్. తర్వాత సంగీతం వదిలేసి నవలాకారుడిగా పెద్ద పేరు తెచ్చుకున్నాడు, అది వేరే కథ.

ఇక క్వయర్. టస్కీగీలో పాట అంటే ఆదివారం ప్రార్థన మాత్రమే కాదు. బానిసల కాలం పాటలను పిల్లలు మరిచిపోకూడదని వాషింగ్టన్ పట్టుబట్టి పాడించేవారు. పైగా 1871లో నాష్‌విల్‌లోని ఫిస్క్ యూనివర్సిటీ పిల్లలు కొందరు ‘జూబిలీ సింగర్స్’ పేరుతో ఊరూరా పాడి, అప్పుల్లో ఉన్న తమ కాలేజీని నిలబెట్టిన దగ్గర్నుంచి, నల్లజాతి కాలేజీలన్నిటికీ క్వయర్ అంటే కాలేజీ ముఖం, విరాళాల దారి కూడా. అలాంటి చోట క్వయర్ డైరెక్టర్ పదవి ఎంత బరువైందో ఊహించండి. పాడించాలి, ఊళ్లు తిప్పాలి, దాతలను మెప్పించాలి, మధ్యలో క్లాసులు చెప్పాలి.

డాసన్ వచ్చిన ఏడాదిన్నరకే న్యూయార్క్‌లో రేడియో సిటీ మ్యూజిక్ హాల్ ప్రారంభోత్సవం, 1932 డిసెంబర్ 27. ఆ వేదిక మీద నూరు గొంతుల టస్కీగీ క్వయర్ పాడింది. అలబామా పల్లెల నుంచి వచ్చిన పిల్లలు, ఎక్కువమంది సంగీతం కాక వేరే చదువులు చదువుతున్నవాళ్లు. అంత తక్కువ కాలంలో అలాంటి గుంపును అక్కడిదాకా తీసుకెళ్లాలంటే రిహార్సల్ గదిలో ఎంత పని జరిగి ఉండాలో క్వయర్ నడిపినవాళ్లకే తెలుస్తుంది. తర్వాత కార్నెగీ హాల్, వైట్ హౌస్, దేశమంతా రేడియో ప్రసారాలు. 1939లో నల్లజాతి గాయని మేరియన్ ఆండర్సన్‌కు తలుపు మూసిన వాషింగ్టన్‌లోని కాన్‌స్టిట్యూషన్ హాల్లో 1946లో టస్కీగీ క్వయర్ పాడింది.

సింఫనీ సంగతికి వద్దాం. ‘నీగ్రో ఫోక్ సింఫనీ’ని 1934 నవంబర్‌లో లియొపోల్డ్ స్టొకోవ్‌స్కీ కండక్ట్ చేశారు, ముందు ఫిలడెల్ఫియాలో, తర్వాత కార్నెగీ హాల్‌లో. రేడియోలో దేశమంతా విన్నారు. సింఫనీలో భాగాల మధ్య చప్పట్లు కొట్టకూడదనే మర్యాద అప్పటికే ఉంది. అయినా రెండో భాగం అవ్వగానే జనం ఆగలేకపోయారు. చివర్లో డాసన్ మళ్లీ మళ్లీ వేదిక మీదికి రావలసి వచ్చింది. కాన్సస్ సిటీ బాల్కనీ తర్వాత తొమ్మిదేళ్లకు.

ఆ సింఫనీలో మొదట హార్న్ ఒక చిన్న పలుకు పలుకుతుంది. మూడు భాగాల్లోనూ అది తిరిగి వస్తుంటుంది. మొదటి ఆఫ్రికన్‌ను తీరం నుంచి లాక్కెళ్లి బానిసను చేసినప్పుడు మానవ గొలుసులోంచి ఒక లంకె తెగిపోయిందని, ఆ పలుకు ఆ లంకెకు గుర్తని డాసన్ స్వయంగా వివరించారు. రెండో భాగం మూడు గాంగ్ దెబ్బలతో మొదలవుతుంది, ఆ మీద ఇంగ్లిష్ హార్న్ అనే ఊదే వాద్యం ఒంటరిగా పాడుతుంది. పొద్దు పొడిచింది మొదలు గుంకేదాకా చాకిరీ చేసే మనుషుల నడక కింద వినిపిస్తూనే ఉంటుంది. ఇది తెల్లవాడు రాసింది కాదని వినగానే తెలియాలన్నది ఆయన కోరిక. తెలుస్తుంది కూడా.

మరి ఎందుకు ఆగింది? తేదీలు చూడండి. విలియం గ్రాంట్ స్టిల్ సింఫనీని 1931లో రాచెస్టర్‌లో, ఫ్లారెన్స్ ప్రైస్ సింఫనీని 1933లో షికాగోలో, డాసన్ సింఫనీని 1934లో ఫిలడెల్ఫియాలో వాయించారు. మూడేళ్లలో ముగ్గురు నల్లజాతి స్వరకర్తలు. పత్రికలు పొగిడాయి, జనం నిలబడి చప్పట్లు కొట్టారు, ఆ తర్వాత పెద్ద ఆర్కెస్ట్రాలు ఆ కాగితాలను అలమారాలో పెట్టేశాయి. ఆర్కెస్ట్రా సంగీతం అంటే స్వరకర్త ఒక్కడే ఇంట్లో కూర్చుని చేసుకునే పని కాదు. పిలిచి రాయించుకునే సంస్థ కావాలి, ఎనభై తొంభైమంది వాద్యకారులు కావాలి, రిహార్సల్‌కు డబ్బు కావాలి, మళ్లీ మళ్లీ వాయించే కండక్టర్లు కావాలి. అవేవీ లేకుండా రెండోది రాయమంటే ఎవరైనా ఎవరికోసం రాస్తారు? 1940లో ఆర్కెస్ట్రాకు ఒక వర్క్ సాంగ్ రాశారు. 1952లో పశ్చిమ ఆఫ్రికా తిరిగి వచ్చి, అక్కడ విన్న తాళాలను మనసులో పెట్టుకుని పాత సింఫనీనే తిరగరాశారు. ఆ కొత్త రూపాన్ని స్టొకోవ్‌స్కీయే 1963లో అమెరికన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో రికార్డు చేశారు. ఒక్కటే రాసినా ఆయన దాన్ని ఇరవై ఏళ్లు వదల్లేదు.

టస్కీగీలో పరిస్థితి దీనికి పూర్తిగా భిన్నం. అక్కడ ఆయన రాసింది వెంటనే పాడే నూరుగొంతుల వాద్యం ఆయన చేతిలోనే ఉంది. ఏ ఆర్కెస్ట్రా బోర్డునూ అడగనక్కర్లేదు. సాయంత్రం రాసింది మర్నాడు వినొచ్చు, నచ్చకపోతే దిద్దొచ్చు. 1934లో ‘సూన్ ఆ విల్ బి డన్’, 1937లో ‘ఎయిన్ట్ ఎ దట్ గుడ్ న్యూస్’, 1939లో ‘దేర్ ఈజ్ ఎ బామ్ ఇన్ గిలియడ్’, 1942లో మీ ‘ఎజీకియెల్’ అచ్చయ్యాయి. టస్కీగీ క్వయర్ సిరీస్ పేరుతో ఈ పాటలు అమెరికాలో స్కూళ్లకు, చర్చిలకు, యూనివర్సిటీలకు చేరాయి. ఇవాళ్టికీ వాటి కాపీలు అమ్ముడవుతూనే ఉన్నాయి. ఆయన సింఫనీ ఒక్కసారి కూడా విననివాళ్లు లక్షలమంది ఈ పాటల్లో ఏదో ఒకటి పాడి ఉంటారు.

‘అరేంజ్‌మెంటే కదా’ అనే మాట నాకు కాస్త చిరాకు తెప్పిస్తుంది. మాతృక రాగం పాతదే, ఎవరు కట్టారో తెలియనిది. ఆ రాగం రెండు మూడు వరుసలు. దాని చుట్టూ వచ్చే మిగతాదంతా డాసన్‌దే. మీ పాటనే తీసుకోండి. మన బైబిల్లో యెహెజ్కేలు మొదటి అధ్యాయంలో చక్రంలో చక్రం తిరిగే దర్శనం ఉంది కదా, పాట దానిమీద. డాసన్ ఆ చక్రాలను మాటల్లో చెప్పి వదలలేదు. ఒక గొంతుకు చిన్న లయ ఇచ్చి దాన్నే తిప్పుతుంటారు, ఇంకో గొంతు దానిమీద వేరే లయలో తిరుగుతుంది, మూడోది ఇంకోలా. ‘డూమలూమ’ అని అర్థంలేని అక్షరాలు పాడే చోట మీ వాళ్లు నవ్వి ఉంటారు, ప్రతి క్వయరూ మొదటిసారి నవ్వుతుంది. అక్కడ గొంతులు మాటలు మానేసి యంత్రంగా మారుతున్నాయి. కింద అది తిరుగుతుండగా పైన రాగం సాగుతుంది. ఇది సింఫనీలో స్ట్రింగ్స్‌తో, ఇత్తడితో ఆయన చేసిన పనే, ఇక్కడ వాద్యాలు లేవంతే. ‘ఒక్క సింఫనీ’ అన్నప్పుడు నాకు ఒప్పబుద్ధి కానిది ఇందుకే.

‘బామ్ ఇన్ గిలియడ్’ దీనికి పూర్తిగా ఎదురు. యిర్మీయా 8:22లో ప్రవక్త ‘గిలాదులో గుగ్గిలము ఏమియు లేదా?’ అని ఏడుస్తాడు. బానిసలు కట్టిన పాట ఆ ప్రశ్నకు ‘ఉంది’ అని జవాబు చెప్తుంది. ఏ ధైర్యంతో చెప్పారో! డాసన్ ఇక్కడ ఏ ఆర్భాటమూ చేయలేదు, నెమ్మదిగా, తక్కువ స్వరాలతో నడిపించారు. ఆర్కెస్ట్రా వేయగల మనిషి ఎక్కడ చేతులు కట్టుకోవాలో తెలుసుకున్నాడంటే అదీ గొప్పే.

స్పిరిచ్యువల్స్‌ను క్వయర్‌కు రాసిన మొదటి మనిషి ఆయనేం కాదు. నతానియల్ డెట్ హాంప్టన్ అనే మరో నల్లజాతి కాలేజీలో ఆయనకన్నా ముందే మొదలుపెట్టారు. డెట్ దగ్గర యూరప్ మోటెట్ (చర్చి బృందగానం) వాసన ఎక్కువ. హాల్ జాన్సన్ 1925లో న్యూయార్క్‌లో సొంత క్వయర్ పెట్టి, బ్రాడ్వే దాకా, హాలీవుడ్ దాకా తీసుకెళ్లారు. జాన్సన్ దగ్గర పొలంలో పాడే గుంపు గాలి ఎక్కువ. డాసన్ రెండింటి మధ్యన నిలబడ్డారని కొందరంటారు. నాకైతే ఆయనది మూడో దారి అనిపిస్తుంది, లయను కట్టడంలా పేర్చే దారి. ఆ దారిలోనే 1990లలో న్యూ ఆర్లీన్స్‌కు చెందిన మోజెస్ హోగన్ వచ్చారు. పియానిస్ట్‌గా శిక్షణ పొందిన మనిషి, ‘ఎలైజా రాక్’ లాంటి పాటల్లో గొంతులను చక్రాల్లా తిప్పడం వింటే డాసన్ గుర్తుకు రాకుండా ఉండరు. పాపం 2003లో నలభై అయిదేళ్లకే పోయారు.

కెరీర్ గురించి అడిగారు కాబట్టి ఒక మాట. డాసన్ పాతికేళ్ల దాకా టస్కీగీలో ఉండి 1950ల మధ్యలో తప్పుకున్నారు. విశ్రాంతి ఏమీ లేదు. 1956లో అమెరికా విదేశాంగ శాఖ స్పెయిన్ పంపితే అక్కడి క్వయర్లకు శిక్షణ ఇచ్చారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు అమెరికా అంతటా అతిథి కండక్టర్‌గా తిరిగారు. 1990 మే 2న మాంట్‌గొమరీలో, తొంభై ఏళ్ల వయసులో చనిపోయారు. ఆయన కాగితాలు అట్లాంటాలోని ఎమరీ యూనివర్సిటీలో ఉన్నాయి. జీతం కాలేజీదే, కానీ పాటల ప్రచురణను ఆయన ఆషామాషీగా వదల్లేదు. టస్కీగీలోనే తన సొంత ప్రెస్ పేరుతో వేసి, హక్కులు చూసుకుని, పంపిణీ మాత్రం పెద్ద ప్రచురణకర్తకు ఇచ్చారు. క్వయర్ సంగీతంలో కండక్టర్‌కు జీతం ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. ఆ జీతం కోసం చేసే పనిలోంచే రాయడానికి సరుకు తీసుకోవడం, రాసినదాన్ని చేతిలో ఉంచుకోవడం అందరూ చేయరు. ఈ రంగంలోకి రావాలనుకుంటే ఈ రెండు అలవాట్లనూ గమనించండి.

ఇక మీ పాట. మీది ఇరవైమంది క్వయర్ అన్నారు. ‘ఎజీకియెల్’లో గొంతులు ఎనిమిది పార్ట్‌లుగా చీలే చోట్లున్నాయి. ఒక్కో పార్ట్‌కు ఇద్దరే మిగిలితే టెనర్లు (పై స్థాయి మగ గొంతులు) మొదట కూలిపోతారు, తర్వాత వేగం. మీ దగ్గర బాస్ గట్టిగా లేకపోతే ఈసారికి ‘గుడ్ న్యూస్’ తీసుకోండి, సరదాగా ఉంటుంది, తక్కువమందితో నిలబడుతుంది. ‘ఎజీకియెలే’ పాడాలి అనుకుంటే మొదటి రిహార్సళ్లలో రాగం ఊసే ఎత్తకండి. ఒక్కో పార్ట్ లయను చేతులతో తట్టించండి, మాటలు లయమీద పలికించండి, అన్నీ కలిపి తట్టించండి, స్వరం ఆ తర్వాత. వేగం పెంచితే ఉత్సాహం వస్తుందని మనవాళ్లకు ఒక భ్రమ ఉంది. ఈ పాటలో వేగం పెంచితే లోపలి చక్రాలు కలిసిపోయి మొత్తం గోలగా వినిపిస్తుంది.

నోట్స్‌లో ‘ద’కు బదులు ‘డె’ అనీ, మాటల చివర్లు కోసేసీ ఉండటం చూసి టెన్షన్ పడకండి. అది ఆ కాలపు మాండలికాన్ని డాసన్ చెవితో విని రాసుకున్న తీరు. అక్కడ రాసినట్టు సులువుగా పలకండి, మిమిక్రీ మాత్రం చేయొద్దు. సినిమాల్లో నల్లజాతి యాసను వెక్కిరించినట్టు పాడితే పాట అవమానమవుతుంది. ప్రోగ్రాంలో రెండు వాక్యాలు ఈ పాట ఎవరిదో చెప్పి పాడితే ఇంకా మంచిది.

వినడానికి: 1955 ప్రాంతంలో డాసన్ స్వయంగా కండక్ట్ చేసిన టస్కీగీ క్వయర్ ఎల్పీ రికార్డు ఉంది, ముందు అది వినండి. శబ్దం పాతది, కానీ ఆయన వేగం ఎంత ఆచితూచి పెట్టారో అందులో తెలుస్తుంది. తర్వాత సింఫనీకి స్టొకోవ్‌స్కీ 1963 రికార్డింగ్, దాని పక్కన ఈమధ్య ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రాయే కండక్టర్ యానిక్ నెజె-సెగాన్‌తో చేసినది. రెండో భాగం ముందు వినండి. ఆ వెంటనే మీ క్వయర్ కాపీ తెరిచి బాస్ లైన్ చూడండి.